పూలబట్ట కట్టిన పెద్దాయన

కామేశ్వరదాసుగారి శిష్యురాలు వకుళ మొదటి హరికథలోనే, చిందు వేస్తూ వేదిక మీద జారిపడింది. జనం ఘొల్లుమన్నారు. మర్నాడు గజ్జెలు తెచ్చి గురువుగారి ముందు పెట్టి, "నవ్వినవాళ్ళ ఎదుట మళ్ళీ ఎలా నిలబడనండీ?" అని అడిగింది.

దాసుగారు తాను ఆఫ్రికాలోని మలావీ దేశం వెళ్ళిన సంగతి ఎత్తుకున్నారు.

అక్కడి తెలుగువాళ్ళు కథ చెప్పమని పిలిస్తే వెళ్ళారట. ఖాళీ దొరికిన రోజున ఊళ్ళు చూద్దామని ఒక సైకిల్ టాక్సీ ఎక్కారు. నడిపేవాడి పేరు మసావుకో. వాన వెలిసిన మట్టిరోడ్డు మీద సైకిల్ జారి, ఇద్దరూ బురదగుంటలో పడ్డారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు, నవ్వుతూనే. దాసుగారికి ఒళ్ళు మండింది. చాచిన చేతులు తోసేసి వెళ్ళిపోదామనుకున్నారు గాని, దెబ్బ తగిలిన మోకాలు సాగనివ్వలేదు.

ఎస్నాత్ అనే ఇల్లాలు ఆయన్ని తన వాకిట్లో కూర్చోబెట్టి, నవ్వు ఆపుకోకుండానే గాయం కడిగింది. బురద పంచె ఉతకడానికి తీసుకుని, తాను నడుముకు చుట్టుకునే పెద్దపెద్ద పూల బట్ట ఒకటి ఇచ్చింది. అది అక్కడ ఆడవాళ్ళు కట్టేది. దాసుగారు దాన్ని చుట్టుకుని బయటికి రాగానే వాకిలంతా మళ్ళీ నవ్వులు. ఆయన తల దించుకుని చాప మీద కూర్చున్నారు.

అది చూసి ఎస్నాత్ భర్త, నెరిసిన తలవాడు, లోపలికి వెళ్ళాడు. భార్య బట్ట ఇంకొకటి, ఎర్ర పూలది, కట్టుకొచ్చి దాసుగారి పక్కనే కూర్చున్నాడు. గంభీరంగా జనాన్ని చూసి ఏదో అడిగాడు. మసావుకో దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు:

"మా ఇద్దరిలో ఎవరికి బాగా నప్పింది అంటున్నాడండీ."

అందరికంటే గట్టిగా నవ్వింది దాసుగారేనట. ఆ తరవాత ఒకే పళ్ళెంలో మొక్కజొన్న ముద్ద తిన్నారు. పంచె ఆరిందని ఎస్నాత్ తెచ్చి ఇచ్చినా, ఆయన కాసేపటి దాకా మార్చుకోలేదట.

వకుళ నవ్వింది. "అయితే నన్ను చూసి నవ్వినవాళ్ళూ అలాంటివాళ్ళేనంటారా?" అంది.

"ఏమోనమ్మా," అన్నారు దాసుగారు. "ఆ రోజు నా మోకాలు బాగుండి ఉంటే, ఆ ఊరివాళ్ళు ఎలాంటివాళ్ళో నాకూ తెలిసేది కాదు."