నలభై రెండు విషాలు

గెంగ్ రెన్‌హాయ్ ఆ వారంలో తన గురువు ఉండే సందు మొదటిదాకా నాలుగుసార్లు వెళ్ళాడు, నాలుగుసార్లూ అక్కణ్ణించే వెనక్కి తిరిగాడు. ఒకసారి సైకిల్లో గాలి తగ్గిందని సాకు చెప్పుకున్నాడు. ఇంకోసారి వాన వచ్చేలా ఉందనుకున్నాడు. మిగతా రెండుసార్లకీ సాకు కూడా దొరకలేదు.

ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వాళ్ళ బడిలో డ్రిల్లు మాస్టారు. అతను ఈల వేస్తే రెండొందలమంది పిల్లలు చప్పున వరసల్లోకి వచ్చేస్తారు. అలాంటివాడికి ఒక ముసలాయన గుమ్మం తొక్కడానికి కాళ్ళు రావడం లేదంటే ఎవరైనా నవ్వుతారు. కానీ పదిహేడేళ్ళుగా అతనికి ఆ ఇంటికి వెళ్ళే మొహం లేదు మరి.

వెళ్ళక తప్పని పని ఇప్పుడు వచ్చి పడింది. చైనాలో కాలం తిరగబడింది. పాత పోరాట విద్యలన్నీ భూస్వాముల కాలపు చెత్త అని ఒకప్పుడు తగలబెట్టించిన ప్రభుత్వమే, ఇప్పుడు ఆ విద్యలు ఎక్కడెక్కడ మిగిలాయో వెతికి రాసుకు రమ్మని ఊరూరికీ మనుషుల్ని పంపుతోంది. జిల్లా క్రీడల ఆఫీసు నుంచి ఒకావిడ బడికి వచ్చింది. ఈ చుట్టుపక్కల మగ్గం చెయ్యి అనే విద్య ఉండేదట, తెలిసినవాళ్ళు ఎవరైనా బతికున్నారా అని వాకబు చేసింది. నెలాఖరుకల్లా అడుగులన్నీ కాగితం మీద రాసి ఇవ్వాలి, ఒక మనిషి వచ్చి వేసి చూపించాలి. అప్పటికి ఎవరూ రాకపోతే పోయినవాటి జాబితాలో దీన్నీ రాసేస్తామని చెప్పి, టీ తాగి వెళ్ళిపోయింది.

మగ్గం చెయ్యి అంటే నేతవాళ్ళ విద్య. హెబెయ్ ప్రాంతంలో వెనకటికి నేతగాళ్ళు గుడ్డల మూటలు భుజాన వేసుకుని దూరపు సంతలకి నడిచి పోయేవాళ్ళు. దారిలో దొంగల భయం. చేతిలో కత్తి ఉండదు, చేతనైంది నేత ఒక్కటే. అందులోంచే వాళ్ళు నలభై రెండు అడుగులు కట్టుకున్నారు. కాలు మగ్గం తొక్కినట్టు పడాలి, చెయ్యి పోగుల మధ్య నాడె విసిరినట్టు పోయి రావాలి. అలా ఆరు తరాలు నడిచింది. ఆరో తరం మనిషే పాంగ్ షౌయీ, మన రెన్‌హాయ్ గురువు.

పాంగ్ గురువుకి శిష్యులు ముగ్గురే ముగ్గురు. పెద్దవాడు బొగ్గు గనిలో పోయాడు. రెండోవాడు దక్షిణాదికి వెళ్ళి లారీ తోలుకుంటూ అంతా మర్చిపోయాడు. గురువుకేమో ఇటుకల బండి మీద పడి కుడి మోకాలు వంగడం మానేసింది, ఒక్క అడుగు కూడా వేసి చూపించలేడు. ఇక మిగిలినవాడు రెన్‌హాయ్. గురువుని పట్టించినవాడు కూడా అతనే.

పదిహేడేళ్ళ కిందట ఆ వేసవిలో రెన్‌హాయ్‌కి ఇరవై రెండేళ్ళు. సాంస్కృతిక విప్లవం అప్పుడే మొదలైంది. ఫ్యాక్టరీలో ఎర్ర దళం వాళ్ళు అతన్ని పిలిచి కూర్చోబెట్టి, నీ గురువు నీకు ఏ విషం ఎక్కించాడో రాయి అన్నారు. మా గురువు పాతకాలపు మనిషి, తప్పుడు భావాలవాడు అని అరపేజీ రాసిచ్చాడు. వాళ్ళు చదివి చింపేశారు. దాస్తున్నావా అని గద్దించారు. జబ్బుతో మంచం పట్టిన తల్లిని ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన ఇంట్లోంచి బయట పెడతామన్నారు. దాంతో అతని పైప్రాణాలు పైనే పోయాయి.

మూడు రోజులు కూర్చుని ముప్పై ఒక్క పేజీలు రాశాడు. ఒకటో విషం, రెండో విషం అంటూ నలభై రెండు అడుగులూ విడివిడిగా రాశాడు. పాదం ఎక్కడుంటుంది, నడుం ఎటు తిరుగుతుంది, ఊపిరి ఎప్పుడు వదలాలి, తప్పు చేస్తే గురువు ఏమని తిట్టేవాడు, అన్నీ. ఏదైనా వదిలేస్తే మళ్ళీ పిలుస్తారేమోనని ఒక్క ముక్క కూడా వదల్లేదు. భయస్తుడు పని చేస్తే ఎంత శ్రద్ధగా చేస్తాడో ఆ కాగితాలు చూస్తే తెలుస్తుంది.

వాళ్ళు పాంగ్ గురువుని వేదిక ఎక్కించారు. నవ్వులపాలు చెయ్యడానికి నెత్తిన అట్ట టోపీ, మెడలో నేరాలు రాసిన పలక. ఇద్దరు కుర్రాళ్ళు ఆయన మెడ వంచి పట్టుకుంటే, మూడోవాడు ఆ ముప్పై ఒక్క పేజీలూ మైకులో చదివాడు. ఆరు తరాలవాళ్ళు చేత్తో రాసుకుంటూ వచ్చిన పుస్తకాన్ని ఆయన ముందే కాల్చారు. తరవాత పదేళ్ళు ఇటుకల బట్టీకి పంపారు. ఆ రోజు గుంపులో వెనకాల నిలబడి అందరితోపాటు రెన్‌హాయ్ కూడా పిడికిలి ఎత్తాడు. మళ్ళీ ఏనాడూ మగ్గం చెయ్యి అడుగు వెయ్యలేదు, వెయ్యబుద్ధి కాలేదు.

అయిదోసారి మాత్రం వెనక్కి తిరగలేదు. ఆదివారం పొద్దున్నే ఒక టీ పొట్లం కొనుక్కుని తిన్నగా వెళ్ళి తలుపు తట్టాడు.

గురుపత్ని తలుపు తీసింది. చూడగానే గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు, తలుపు అలాగే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

గురువు పెరట్లో ఎండలో ముక్కాలి పీట మీద కూర్చుని చిక్కుడు కాయలు ఒలుస్తున్నాడు. కుడికాలు కర్రలా ముందుకి చాపి ఉంది. తల పూర్తిగా నెరిసిపోయింది. రెన్‌హాయ్‌ని చూసి, సైకిలు లోపలే పెట్టుకో, సందులో ఉంటే ఎవడో ఒకడు గాలి తీసేస్తాడు అన్నాడు. నిన్ననే వచ్చి వెళ్ళినవాడితో అన్నట్టు అన్నాడు. ఆ మాటకే రెన్‌హాయ్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి.

అతను మోకాళ్ళ మీద కూలబడి నుదురు నేలకి ఆనించాడు. ఆ విద్యలో ఒక ఆచారం ఉంది. శిష్యుడు మూడుసార్లు నుదురు నేలకి ఆనించి, రెండు చేతులతో టీ ఇవ్వాలి. గురువు అందుకుంటే అతను శిష్యుడు. అందుకోకపోతే లేచి ఇంటికి పోవడమే. మూడుసార్లూ అయ్యాక రెన్‌హాయ్ టీ పొట్లం తీసి, అమ్మా, కాసిని వేడినీళ్ళు ఇప్పిస్తారా అని గురుపత్నిని అడిగాడు.

ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది.

"ముందు ఆ మోకాలు చూడు," అంది.

రెన్‌హాయ్ చూశాడు. ఇటుకల బట్టీలో పోయిన మోకాలు అది, ఆయన్ని అక్కడికి పంపింది తన కాగితాలే. తల దించుకుని పొట్లం పక్కన పెట్టేశాడు.

గురువు ఆవిణ్ణి వారించలేదు, అతన్ని ఊరడించలేదు. వచ్చిన పనేమిటని మాత్రం అడిగాడు. రెన్‌హాయ్ ఆఫీసావిడ వచ్చిన సంగతి, నెలాఖరు గడువు సంగతి, పోయినవాటి జాబితా సంగతి చెప్పాడు. గురువు కాయలు ఒలుస్తూనే విన్నాడు. చెప్పడం అయిపోయాక ఇంకో కాయ అందుకున్నాడు. ఇక రెన్‌హాయ్‌కి, పదిహేడేళ్ళుగా మనసులో అనుకుంటూ వచ్చిన మాట బయటికి అనక తప్పింది కాదు.

"గురువుగారూ, నేను చేసిందంతా మీ ముందు ఒప్పుకోవాలని వచ్చాను."

"ముప్పై ఒక్క పేజీలు రాశావుగా. ఇంకా ఏం మిగిలింది?" అన్నాడు గురువు.

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది.

గురువు భార్యని ఆ గుడ్డసంచీ తీసుకు రమ్మన్నాడు. ఆవిడ తెచ్చి ఇద్దరి మధ్యా పడేసింది. సంచీలో ఉన్నవి ఆ ముప్పై ఒక్క పేజీలే. నాలుగేళ్ళ కిందట పాంగ్ షౌయీ ఏ తప్పూ చెయ్యలేదని ప్రభుత్వం తేల్చినప్పుడు, ఆయన మీద ఉన్న కాగితాలన్నీ ఆయనకే ఇచ్చేసి, కాల్చేసుకోండి, మనసు తేలికపడుతుంది అన్నారట. ఆవిడ పొయ్యిలో పెడతానంది. ఆయన పెట్టనివ్వలేదు.

"నలభై ఏళ్ళ కాపరంలో నా చేతిలోంచి ఏదీ లాక్కోలేదు ఈయన. దీన్ని లాక్కున్నాడు," అని చెప్పి ఆవిడ మళ్ళీ గడప దగ్గరికి వెళ్ళిపోయింది.

గురువు సంచీ రెన్‌హాయ్ వైపు జరిపాడు. "పైకి చదువు. నాకు చూపు ఆనడం లేదు."

ఓహో, ఇదీ శిక్ష అనుకున్నాడు రెన్‌హాయ్. న్యాయమే అనుకున్నాడు. మొదటి పేజీ తీశాడు. ఇరవై రెండేళ్ళ వయసులో తను రాసిన దస్తూరీ, గుండ్రంగా, పొందిగ్గా ఉంది. విషం అన్న మాట ఉన్నచోటల్లా ఎవరో పెన్సిలుతో గీత కొట్టి, పైన అడుగు అని వంకరటింకరగా దిద్దారు. అలా ఎందుకు దిద్దారో అతనికి తోచలేదు, తోచే స్థితిలోనూ లేడు.

"ఒకటో... ఒకటో అడుగు. పడుగు సవరించడం. రెండు పాదాలూ భుజాలంత ఎడంగా..."

రెన్‌హాయ్ ఆగి, మళ్ళీ మొదటినించి మొదలుపెట్టాడు. రెండోది చదివాడు, మూడోది చదివాడు. ఆరోదానికి వచ్చేసరికి తడబాటు తగ్గింది. పదోదాంట్లో నాడె విసిరే చెయ్యి గురించి రాసి ఉంది. అది చదువుతూ చదువుతూ తన కుడిచెయ్యి కాగితం వదిలి గాల్లోకి లేచిన సంగతి అతనికి తెలియలేదు. గురువు మాత్రం చూశాడు. చిక్కుడు కాయల బుట్ట పక్కకి జరిపేశాడు.

పదిహేను, పదహారు, పదిహేడు. గడప దగ్గర ఆవిడ కూడా వింటోంది.

"పంతొమ్మిదో అడుగు. తెగిన పోగు. ఎడమ మడమ నేలకి అదిమి, నడుం కుడివైపు తిప్పి..."

"తప్పు," అన్నాడు గురువు.

రెన్‌హాయ్ ఈ మాటకే పదిహేడేళ్ళుగా భయపడుతూ వచ్చాడు. కాగితాలు కింద పెట్టి మళ్ళీ నుదురు నేలకి ఆనించాడు. తప్పేనని, ప్రాణభయంతో రాశానని, తల్లిని వీధిలో పడేస్తారని రాశానని, అయినా తప్పు తప్పేనని ఏడుస్తూ చెప్పుకుపోయాడు.

అతను ఆగాక గురువు నేల మీది కాగితం చూపించాడు.

"అది కాదు. మడమ."

రెన్‌హాయ్ తలెత్తాడు. "మడమా?"

"నేలకి అదిమి అని రాశావు. మడమ లేవాలి. లేవకపోతే నడుం ఎలా తిరుగుతుంది?"

మనిషి ఎంత చిత్రమైనవాడో చూడండి. అప్పటిదాకా కుమిలి కుమిలి ఏడ్చినవాడు, ఆ ఒక్క మాటతో అన్నీ మర్చిపోయి గురువుతో వాదనకి దిగాడు. మడమ కిందే ఉండాలన్నాడు. ఓ చలికాలం పెరట్లో మంచు పడుతుంటే ఇదే అడుగు దగ్గర మీరు బెత్తంతో నా మడమ మీద కొట్టారు, నేల వదిలితే చంపుతానన్నారు, నాకు బాగా జ్ఞాపకం అన్నాడు. గురువు ఒప్పుకోలేదు. కొట్టింది నిజమే, కానీ అది పద్ధెనిమిదో అడుగు, నువ్వు రెండూ కలిపేశావు అన్నాడు. రెన్‌హాయ్ కాదన్నాడు.

"లేచి వేసి చూడు," అన్నాడు గురువు.

రెన్‌హాయ్ కోటు విప్పి సైకిలు మీద వేసి, పెరటి మధ్యలో నిలబడ్డాడు. పద్ధెనిమిదోది వేసి అందులోంచి పంతొమ్మిదోదానిలోకి వచ్చాడు, మడమ నేలకి అదిమే ఉంచి. నడుం సగంలో బిగుసుకుపోయింది. మోకాలు కలుక్కుమంది. పక్కకి తూలి గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"ఇప్పుడు మడమ లేపి."

లేపాడు. నడుం దానంతట అదే తిరిగింది. చెయ్యి ఎవరో పిలిచినట్టు పోయి, మళ్ళీ తిరిగి వచ్చి రొమ్ము దగ్గర ఆగింది. రెన్‌హాయ్ అలాగే నిలబడిపోయాడు. మర్చిపోయానని ఇన్నేళ్ళూ అనుకున్నవన్నీ ఒంట్లోనే ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. కాళ్ళ దగ్గర తను భయపడి రాసిన ముప్పై ఒక్క పేజీలూ ఉన్నాయి. కాలిపోయిన పుస్తకంలో ఉన్న నలభై రెండూ ఇప్పుడు లోకంలో ఇంకెక్కడా రాసి లేవు. పెన్సిలుతో దిద్దింది గురువేనని, ఎందుకు దిద్దాడో కూడా అప్పుడు తెలిసింది.

గురువు తన చాపిన కాలు చేత్తో రుద్దుకుంటున్నాడు.

"ఆ రోజు మైకులో ఇది చదువుతుంటే, మడమ తప్పు అని అరుద్దామనుకున్నాను," అన్నాడు. "తల ఎత్తనివ్వలేదు. అప్పట్నించీ గుచ్చుకుంటూనే ఉంది."

నెత్తిన అట్ట టోపీ, మెడలో పలక, ఎదురుగా తాతముత్తాతల పుస్తకం మంటల్లో. అలాంటప్పుడు ఈ మనిషి ఆలోచించింది మడమ గురించి. రెన్‌హాయ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ వచ్చాయి. మొహం తుడుచుకుని, ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, నన్ను క్షమించారా?"

గురువు వంటింటి గడప వైపు చూశాడు.

"ఆ మాట ఆవిణ్ణి అడగాలి. పదేళ్ళపాటు బట్టీకి గంజి మోసింది ఆవిడ."

రెన్‌హాయ్ అటు తిరిగాడు. ఆవిడ అతని వంక చూడలేదు. అలాగని లోపలికీ వెళ్ళలేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

గురువు వంగి నేల మీది కాగితాలు ఏరి, దుమ్ము దులిపి, అతని చేతికిచ్చాడు.

"నా దగ్గర నీకున్న పని ఇరవయ్యో అడుగు. చదువు."