మేడి పిందెలకు మట్టి మూతలు

పాలకోన అడవిలో వాగు ఒడ్డున ఒక మేడిచెట్టు ఉండేది. దాని లేతాకు దుప్పులకీ కొండముచ్చులకీ తిండి. పండు ఎవరికి అందితే వాళ్లది. మొదలు నుంచి కొమ్మల దాకా గుత్తులు గుత్తులుగా కాసేది. అయితే ఆ చెట్టు పువ్వు పూయగా చూసినవాళ్లు లేరు. ఇదేం వింత అని అడిగినవాళ్లూ లేరు, ఒక్క ఉడుత తప్ప.

ఒకనాడు కొండముచ్చుల మందకి పెద్ద అయినవాడు ఒక పండు కొరికితే, లోపలి నుంచి నలుసంత పురుగు లేచి ముక్కులో దూరింది. ఆయనగారు ఏడుసార్లు తుమ్మాడు. మంద పకపకా నవ్వింది. అంతే, పరువు పోయింది.

"ఇకమీదట ఈ చెట్టు మీద పురుగు కనిపించకూడదు! ప్రతి పిందె కొసనా చిన్న కన్నముంది. వాగు మట్టి తెచ్చి మూసెయ్యండి!" అని హుకుం జారీ చేశాడు.

ఉడుత గబగబా దిగొచ్చింది. "పెద్దయ్యా, కాస్త ఆగు. పది రోజులుగా చూస్తున్నా. ఆ కన్నంలో దూరేటప్పుడు పురుగు రెక్కలు వాకిట్లోనే ఊడిపోతున్నాయి. అంత కష్టపడి ఎందుకెళ్తోందా అని ఒక పిందె కొరికి చూశా. లోపల పువ్వులున్నాయి! పొడి చల్లినట్టు, ఎన్నో!"

"ఉంటే?"

"పురుగు దూరిన పిందెలే లావెక్కుతున్నాయి. ఎందుకో నాకింకా తెలీదు."

"తెలియనిదానివి నోరు మూసుకో. బెత్తెడు లేవు, నాకు చెట్టు సంగతి చెప్తావా?"

ఇంతలో ముక్కు మీద కొమ్ములాంటి బొడిపె ఉన్న కొమ్ముపిట్ట వచ్చి వాలింది. "అయ్యా, మా ఆవిడ గుడ్లు పొదగడానికి తొర్రలో దూరి, వాకిలి మట్టితో మూసుకుంది. ఇప్పుడు పిల్లలు పుట్టారు. నేను సందులోంచి అందించే మేడిపండే వాళ్లకి ఆధారం. ఈ కాపు పోతే బతకరు."

"నీ పెళ్లాం తొర్ర మూసుకుంటే ముచ్చట, నేను పిందె మూస్తే తప్పా?"

మంద మళ్లీ నవ్వింది. ఈసారి నవ్వు తన వైపు ఉందని పెద్దాయన మీసం దువ్వాడు.

ఉడుత వదల్లేదు. "సరే, వాగు మీదికి వంగిన ఆ సన్న కొమ్మ ఒక్కటి నాకొదిలెయ్. ఏది పండుతుందో చూద్దాం."

"పురుగుల కొమ్మ నువ్వే ఏలుకో!"

కొన్నాళ్లకి మట్టి మూతల పిందెలు వడిలి, పసుపెక్కి, టపటపా వాగులో రాలిపోయాయి. కొండముచ్చులు లేతాకు తిన్నాయి, ముదురాకు తిన్నాయి, ఆఖరికి తొడిమలూ నమిలాయి. ఆ తర్వాత పెద్దకి ఒక్క మాటైనా చెప్పకుండా వాగు దాటి వెళ్లిపోయాయి.

సన్న కొమ్మ మాత్రం ఎర్రగా పండింది. అన్నాళ్లూ మిడతలు ఏరి, పిల్లల్ని అర్ధాకలితో నెట్టుకొచ్చిన కొమ్ముపిట్ట, ఇక రోజంతా పండ్లు మోసింది. ఒక పొద్దున తొర్ర వాకిలి పగిలింది. తల్లి బయటికొచ్చింది. దాని వెనక, రెక్కలు విప్పడం రాక తడబడుతూ, రెండు పిల్లలు.

బోసిపోయిన చెట్టు కింద ఒంటరిగా కూర్చున్న పెద్దాయన అదంతా చూశాడు. ఉడుత దగ్గరికొచ్చి అడిగాడు: "అమ్మీ, ఆ పువ్వులు ఎక్కడున్నాయన్నావ్?"

"మళ్లీ పిందె వేసినప్పుడు రా, చూపిస్తా," అంది ఉడుత. "చేతుల మట్టి కడుక్కుని మరీ రా."

నీతి: నీకు అర్థం కానిదాన్ని పాడు చేసే ముందు, అది ఏం పని చేస్తోందో తెలుసుకో. పాడు చేయడానికి లేని సిగ్గు, అడగడానికి ఎందుకు?