నల్లటి సందు

స్కానింగులో తన చెయ్యి బాగా తిరిగిందని నీరజ నమ్మకం. డాక్టర్ సఫియా దగ్గర చేరి ఏడాదైనా కాలేదు, అప్పుడే రిపోర్టుల మీద తానే సంతకం పెడతానని పట్టుబట్టింది. పెద్దావిడ ఔననలేదు, కాదనలేదు.

ఆ పొద్దున అంతయ్య వచ్చాడు. కల్లుగీసే మనిషి. పది రోజులుగా కుడిచెయ్యి లేవడం లేదు. నీరజ అతని భుజానికి జెల్ రాసి, ప్రోబ్ ఆనించి తెర చూసింది. చేతిని పైకెత్తే టెండన్ ఎముకకు అతుక్కునే చోట నల్లటి సందు కనిపించింది. ఇంకేముంది, తెగిందని తేల్చేసింది. ఆపరేషన్ తప్పదనీ, ఇక చెట్టెక్కే మాట మరిచిపొమ్మనీ చెప్పేసింది.

అంతయ్య మొహం పాలిపోయింది. ఎక్కలేనివాడు తన చెట్లు ఇంకొకరికి అప్పజెప్పాలన్నది వాళ్ల ఊరి కట్టుబాటు. ఇరవై ఏళ్లుగా గీస్తున్న చెట్లు. సాయంత్రం గీత కార్మికుల సంఘంలో చెప్పేస్తానని గొణుక్కుంటూ చొక్కా అందుకున్నాడు.

అంతా వింటున్న సఫియా అతన్ని ఆగమంది. నీరజను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె భుజానికే జెల్ రాసింది. ప్రోబ్‌ను రవ్వంత పక్కకు వాల్చి పట్టుకుంది. తెర మీద అదే చోట, అదే నల్లటి సందు.

నీరజ కళ్లప్పగించి చూసింది. నిన్న సాయంత్రమే మూడు ఆటలు షటిల్ ఆడిన భుజమది.

"నీదీ తెగింది బిడ్డా. ఆపరేషన్ ఎప్పుడు చేయించుకుంటవ్?" అంది సఫియా.

తర్వాత ప్రోబ్‌ను నిటారుగా నిలబెట్టింది. సందు మాయమై, తెల్లటి పోగులు వరసగా తేలాయి. ప్రోబ్ వాలితే మంచి టెండన్ కూడా నల్లగా కనిపిస్తుందని నీరజ చదివిందే, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుందే. సిగ్గుతో చచ్చినంత పనైంది. సఫియా ప్రోబ్ ఆమె చేతికిచ్చి, టీ తాగడానికి వెళ్లిపోయింది.

నీరజ మణికట్టు బిగబట్టి అంతయ్య భుజమంతా మళ్లీ చూసింది. ఈసారి తొందరపడలేదు. టెండన్ ఎక్కడా తెగలేదు, దాని పైన వాపు మాత్రం ఉంది.

తప్పు తనదేనని ఒప్పుకుంది. వాపు తగ్గేదాకా చెట్టెక్కొద్దనీ, చెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దనీ చెప్పింది.

అంతయ్య ఆమె మొహంలోకి చూశాడు. "ఇప్పుడు చెప్పేది పక్కానేనా డాక్టరమ్మా?"

నిన్నటి నీరజైతే కస్సుమనేది. ఇప్పుడు మాత్రం జెల్ సీసా అందుకుని, ఇంకోసారి చూడడానికి స్టూలు దగ్గరకు జరుపుకుంది.