వయోలాల వంతు

లోరెంట్స్ రాసిన మొదటి ఓవర్చర్‌ని ఆస్థానంలో వాయించే రోజు దగ్గరపడింది. ఓవర్చర్ అంటే సభ మొదలయ్యే ముందు వాద్యబృందమంతా కలిసి వాయించే తొలి సంగీతం. అది జర్మన్ దేశంలో ఓ చిన్న సంస్థానం. ప్రభువుకి నచ్చితే లోరెంట్స్‌కి అక్కడే కొలువు. లేకపోతే తండ్రి చేసే తోళ్ళ పనికే తిరిగి వెళ్ళాలి.

ఆ బెంగతోనే అతను గురువు రైన్‌హోల్ట్ దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, నెమ్మదిగా సాగే మొదటి భాగం బాగానే కుదిరింది. ఒక స్వరం నిలిచి, చిన్న స్వరం ఠక్కున పలికి, మళ్ళీ నిలిచే ఆ రాజసపు నడక ఎవరికైనా నచ్చుతుంది. బాధంతా తర్వాత వచ్చే వేగం భాగంతోనే."

"ఏమిటా బాధ?"

"బాణీ నా వయొలిన్ ఎత్తుకుంటుంది. అది ముగిసీ ముగియకముందే రెండో వరస వయొలిన్లవాళ్ళు అదే బాణీ అందుకుంటారు. ఆ తర్వాత వయోలాలు, ఆపైన చెల్లోలు. ఇంక నా వయొలిన్ ఎవరికి వినిపిస్తుంది? మిగతావాళ్ళకి బాణీ తీసేసి, ఊరికే నాకు వంత పాడేలా మార్చేస్తాను."

"ఓవర్చర్ అలాగే కదా నడిచేది?"

"నిజమే. కానీ ప్రభువు వినాల్సింది నన్ను కదండీ."

గురువు కాదనలేదు. "సరే, మారుద్దువుగాని. ముందు ఒక్కసారి నువ్వు రాసినట్టే వాయిద్దాం," అని అందరినీ పిలిచాడు.

వాద్యకారులు కూర్చున్నారు. గురువు నేరుగా లోరెంట్స్ దగ్గరికి వెళ్ళి, అతని చేతిలోని వయొలిన్ తీసుకుని, దానికంటే కాస్త పెద్దదైన వయోలా ఒకటి పెట్టాడు.

"అక్కడ, కొన్రాడ్ పక్కన కూర్చో."

లోరెంట్స్ మొహం వాడిపోయింది. కొన్రాడ్ ఏళ్ళ తరబడి వయోలా వాయిస్తున్నవాడు. నవ్వి, కాస్త జరిగి చోటిచ్చాడు.

నెమ్మది భాగం గంభీరంగా సాగి ముగిసింది. గురువు వయొలిన్ మీద బాణీ ఎత్తుకున్నాడు. లోరెంట్స్‌కి చేతులు ఊరకుండలేదు, కమాను పైకి లేచింది.

"కంగారుపడకు, మన దాకా వస్తుంది," అన్నాడు కొన్రాడ్ మెల్లగా.

రెండో వరస అందుకుంది. తను ఒంటరిగా గదిలో కూర్చుని రాసుకున్న ఆ బాణీ మనిషి నుంచి మనిషికి చేరుతూ దగ్గరికొస్తోంది. తండ్రి తోళ్ళ పాకలోంచి తనని బయటికి పిలిచి, గురువు మొదటిసారి చేతికి వయొలిన్ ఇచ్చిన రోజు ఎందుకో గుర్తొచ్చింది.

వయోలాల వంతు వచ్చింది. కొన్రాడ్, అతనూ కలిసి ఎత్తుకున్నారు. వయోలా గొంతు కాస్త బొంగురు. ఆ గొంతులో బాణీ అతను ఎరగని వెచ్చదనంతో పలికింది. పైన వయొలిన్లు దాన్ని వదిలి వేరే దారుల్లో పరుగెడుతున్నాయి. ముగింపుకి వస్తుండగానే, నేలకి ఆనించి వాయించే పెద్ద చెల్లోలు కింది స్థాయిలో బాణీ అందుకున్నాయి. వాటి అదురు నేల మీంచి అతని పాదాలకి తగిలింది.

ఆ తర్వాత అతనికి కాగితం మీది స్వరాలు కనబడలేదు. కళ్ళు నిండిపోయాయి. పక్కనున్న కొన్రాడ్ మోచేయి కదలిక చూసుకుంటూ వాయించాడు.

చివర్లో నెమ్మది భాగం మళ్ళీ వచ్చి, ఆగింది.

"ఇప్పుడు చెప్పు, ఎవరి భాగం మార్చమంటావు?" అన్నాడు గురువు.

లోరెంట్స్ లేచాడు. కొన్రాడ్‌కీ, చెల్లోలవాళ్ళకీ, రెండో వరసకీ తల వంచాడు.

"గురువుగారూ, ఎవరిదీ మార్చొద్దు. ఇది నేనే రాశాను. అయినా ఇవాళ వీళ్ళు దీన్ని నాకు కానుకగా ఇచ్చినట్టుంది."

గురువు వయొలిన్ మళ్ళీ భుజానికి ఎత్తుకున్నాడు.

"అయితే పుచ్చుకో నాయనా. కూర్చో, మొదటి నుంచి వాయిద్దాం."