ఇరవై ఏడు నిమిషాలు

సామర్లకోటలో తాయారు అనే ఫోటోగ్రాఫరు ఉండేది; ఆమెకు పనిలో నేర్పు ఎంత ఉందో, తొందర అంతకు రెట్టింపు ఉండేది. పెళ్ళిపీటల మీద తలంబ్రాలు పోసుకుంటున్న జంటను "కొంచెం గబగబా పోసుకోండి" అని కసిరిన మనిషి ఆవిడే. ఫోటో బాగా రాకపోతే అక్కడికక్కడే చెరిపేసి ఇంకోటి తీసేది. ఎందుకు బాగా రాలేదని మాత్రం ఎప్పుడూ ఆలోచించేది కాదు. పది తీస్తే ఎనిమిది బాగానే వచ్చేవి కాబట్టి ఆమెను ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఆమెకు పని నేర్పింది మేనమామ లోవరాజు. ఆయన ఊళ్ళో ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపాడు. ఆ ఏడు ఆయన చేతులు వణకడం మొదలైంది. కాఫీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే పడేది. ఇక కెమెరా పట్టలేనని తెలుసుకుని, స్టూడియోనూ పాత ఫోటోలన్నీ దాచిన కంప్యూటరునూ మేనకోడలికి అప్పగించాడు. వాటితోపాటు ఇంకో పని కూడా అప్పగించాడు.

కాలవగట్టు మీద అమ్మానాన్నలు లేని ఆడపిల్లల ఆశ్రమం ఒకటి ఉండేది. ఏటా జూన్ నెలలో, బడి తెరిచే ముందు, లోవరాజు అక్కడికి వెళ్ళి ఒక్కో పిల్లకు విడిగా ఒక ఫోటో తీసేవాడు. ప్రతి పిల్లకూ ఒక ఆల్బమ్ ఉండేది. ఏడాదికొక ఫోటో అందులో అతికించుకునేవారు. పెద్దయి ఆశ్రమం విడిచి వెళ్ళే రోజున ఎవరి ఆల్బమ్ వాళ్ళు వెంట తీసుకెళ్ళేవారు. మన ఇళ్ళలో అయితే "చిన్నప్పుడు నువ్వు ఇలా ఉండేదానివి" అని చెప్పడానికి అమ్మ ఉంటుంది, అమ్మమ్మ ఉంటుంది. ఆ పిల్లలకు ఆ మాట చెప్పేది ఆల్బమ్ ఒక్కటే.

"ఎంతమంది మావయ్యా?" అని అడిగింది తాయారు.

"ముప్పై రెండు మంది."

"అంతేనా? గంటన్నరలో అవగొట్టేస్తాను."

"నాకు పొద్దుటినుంచి సాయంత్రం దాకా పట్టేది" అన్నాడు లోవరాజు.

"నీది పాతకాలం చెయ్యి మావయ్యా" అని నవ్వి, కెమెరా సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆశ్రమం చూసుకునే రాహేలమ్మ గారు వసారాలో ఒక కుర్చీ వేయించి, పిల్లలను వరసలో నిలబెట్టింది. వరసలో ఏడోది దేవకి. తొమ్మిదేళ్ళ పిల్ల. ఐదో ఏట ఆశ్రమానికి వచ్చింది. ఆ పిల్లకు మెరుపంటే భయం. ఎందుకో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

"దేవకిని లోవరాజు గారు ఆఖర్న తీసేవారండి" అని రాహేలమ్మ గారు ఏదో చెప్పబోయింది.

"ఎప్పుడు తీస్తే ఏముందండీ, కూర్చోమనండి" అంది తాయారు. మాట అయ్యేలోపే కెమెరా నెత్తిమీది ఫ్లాష్ తెల్లగా వెలిగింది. దేవకి రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. "చేతులు తియ్యమ్మా" అంటూనే ఇంకోటి తీసింది, ఆ వెంటనే మరోటి. మూడోసారి ఫ్లాష్ వెలిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. దేవకి వంటింట్లోకి పారిపోయి బియ్యం బస్తాల వెనక కూర్చుంది.

తాయారు ఆ మూడు ఫోటోలనూ చెరిపేసింది. "ఈ ఒక్క పిల్లదీ వచ్చే ఏడు తీద్దాంలెండి" అంది. మిగతా వాళ్ళ ఫోటోలు గంటన్నర కంటే ముందే అయిపోయాయి.

నాలుగు రోజుల తరవాత అచ్చువేసిన ఫోటోలు పట్టుకుని తాయారు ఆశ్రమానికి వెళ్ళింది. పిల్లలంతా ఆల్బములు ముందేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరికీ ఫోటో ఇస్తూ వచ్చి దేవకి దగ్గర ఆగింది. ఆ పిల్ల కొత్త పేజీలో నాలుగు మూలలా జిగురు రాసుకుని సిద్ధంగా ఉంది.

"నాదేదక్కా?" అని అడిగింది దేవకి.

"నువ్వు పారిపోయావు కదమ్మా. నీది రాలేదు."

దేవకి పాత పేజీలు తిప్పి చూసుకుంది. ఐదేళ్ళది, ఆరేళ్ళది, ఏడేళ్ళది, ఎనిమిదేళ్ళది. మళ్ళీ ఖాళీ పేజీకి వచ్చింది.

"అయితే ఈ ఏడు నేను పెరగలేదా అక్కా?" అంది.

ఆ పిల్ల ఏడవలేదు, అలగలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. తాయారు ఎండిపోతున్న జిగురు వంక చూసి, వచ్చేసింది.

నేరుగా మేనమామ దగ్గరికి వెళ్ళింది.

"ఆ పిల్ల ఫోటో నువ్వెలా తీసేవాడివి మావయ్యా?"

"నేను చెప్పేదేముందే, ఫోటోల్లోనే రాసుంది. తెరిచి చూసుకో" అన్నాడు లోవరాజు.

ఇది మీకూ తెలిసి ఉండాలి. ఈకాలపు కెమెరా ఫోటో తీసిన ప్రతిసారీ ఒక చీటీ రాసి ఆ ఫోటోలోనే దాస్తుంది. లోపలి తలుపు ఎంతసేపు తెరిచింది, లెన్సు కన్ను ఎంత విప్పారింది, వెలుతురును ఎంత పెంచి చూసింది, అన్నీ అందులో ఉంటాయి. కంప్యూటరులో ఫోటో వివరాలు తెరిస్తే కనబడతాయి. తాయారుకు ఇది తెలియక కాదు. ఎన్నేళ్ళుగానో ఫోటోలు తీస్తున్నా, ఒక్కసారి కూడా తెరిచి చదివే తీరిక ఆమెకు దొరకలేదు.

దేవకి కిందటేటి ఫోటో తెరిచింది. పైనున్న మూడు అంకెలూ కాగితం మీద రాసుకుంది. ఆ కాగితాన్ని కెమెరా వెనక అంటించుకుంది. నేర్చుకోవడంలో కూడా అదే తొందర.

ఆదివారం పొద్దున్న మళ్ళీ ఆశ్రమానికి వెళ్ళింది. ఆవేళ ముసురు పట్టింది. రాహేలమ్మ గారు దేవకిని బతిమాలి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. తాయారు చీటీలో ఉన్న అంకెలే పెట్టి ఫోటో తీసింది. తీసి చూస్తే మసిగుడ్డలా నల్లగా వచ్చింది. వెలుతురు చాలలేదని అలవాటు చొప్పున ఫ్లాష్ పైకి లేపింది. ఫ్లాష్ వెలిగీ వెలగకముందే దేవకి మొహం చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఈసారి ఆ పిల్ల భుజాలు కూడా వణికాయి.

"ఇక వద్దులెండి తాయారు గారూ" అంది రాహేలమ్మ గారు మెల్లగా. "పాపం, దాన్ని వదిలేద్దాం."

తాయారు సిగ్గుతో తిరిగొచ్చింది. జరిగిందంతా విని, కెమెరా వెనక అంటించిన చీటీ చూసి లోవరాజు ముసిముసిగా నవ్వాడు.

"నేను కిందటేడు తీసిన రోజున ఎండ కాసింది. ఆ ఎండ నీ చీటీలో ఉందా?"

"లేదు."

"పోనీ, నువ్వు పాడుచేసిన ఫోటోలు ఏవీ? చూద్దాం."

"ఎప్పుడో చెరిపేశాను మావయ్యా."

"అయ్యో, నీకు పాఠం చెప్పేవి అవేనే. నేనైతే ఒక్కటీ చెరపలేదు. వెళ్ళి ఆ పిల్ల మొదటి ఏటివి తెరువు. ఈసారి కింది దాకా చదువు."

తాయారు కంప్యూటరు ముందు కూర్చుంది. జీవితంలో మొదటిసారి ఆమె నిదానంగా చదివింది. దేవకి ఆశ్రమానికి వచ్చిన ఏడు తీసినవి రెండు ఫోటోలు ఉన్నాయి. మొదటిది పాడైపోయిన ఫోటో. ఐదేళ్ళ పిల్ల రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది. దాని వివరాల్లో అడుగున "ఫ్లాష్ వెలిగింది" అని ఉంది. టైము పది నలభై రెండు. రెండో ఫోటోలో దేవకి కెమెరాకేసి కళ్ళు విప్పుకుని చూస్తోంది. "ఫ్లాష్ వెలగలేదు" అని ఉంది. టైము పదకొండూ తొమ్మిది.

తాయారు వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ఆ రెండింటి నడుమ ఇరవై ఏడు నిమిషాలు ఉన్నాయి. అంతసేపూ లోవరాజు ఇంకే పిల్లకూ ఫోటో తీయలేదు.

తరవాతి ఏడాదివి తెరిచింది. అందరి ఫోటోలూ పది నిమిషాలకో పావుగంటకో ఒకటి చొప్పున ఉన్నాయి. అన్నిటికీ ఫ్లాష్ వెలిగింది. ఆఖరిది దేవకిది. దానికి ముందు అరగంట ఖాళీ. దానికి మాత్రం ఫ్లాష్ లేదు. ఆ తరవాతి ఏడూ అంతే. ఆ పై ఏడూ అంతే. తాయారు పై మూడు అంకెలు రాసుకుని మూసేసిన ఫోటోలోనే ఇదంతా ఉంది.

"ఆ ఇరవై ఏడు నిమిషాలూ ఏం చేశావు మావయ్యా?" అని అడిగింది.

"అది కెమెరాకు తెలియదులే" అన్నాడు లోవరాజు. "నా వల్లే ఆ పిల్ల బెదిరింది కదా. ఊరుకోబుద్ధి కాలేదు. వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంటే నేనూ పక్కన కూర్చున్నాను. ఇద్దరం గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీశాం. నేను తీసినవన్నీ అది మళ్ళీ తీసింది, సరిగ్గా రాలేదని. ఆఖరికి, 'మీ కెమెరా ఏది తాతా' అని తనే అడిగింది."

మర్నాడు తాయారు మళ్ళీ వెళ్ళింది. కెమెరా వెనక చీటీ లేదు. వసారాలో ఆవేళ వెలుతురు ఎంత ఉందో చూసుకోవడానికి ఒక స్తంభాన్ని ఫోటో తీసి, దానికి తగ్గట్టు కెమెరా సరిచేసుకుంది. తరవాత కెమెరాను సంచీలో పెట్టేసి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. దేవకి గోరుచిక్కుళ్ళ బుట్ట ముందేసుకుని కూర్చుని ఉంది. తాయారును చూడగానే కాళ్ళు దగ్గరికి ముడుచుకుంది.

"నేను కూడా ఈనెలు తీయనా?" అంది తాయారు.

దేవకి బుట్ట కొంచెం ఇటు జరిపింది. ఇద్దరూ ఈనెలు తీయడం మొదలుపెట్టారు. తాయారు తొందరలో కాయనే తుంచేసింది.

"అలా కాదక్కా. కొస పట్టుకుని మెల్లగా లాగాలి" అంది దేవకి.

"మెల్లగా చేయడం నాకు రాదమ్మా. నువ్వు నేర్పుతావా?"

దేవకి నేర్పింది. పది కాయలకు గానీ తాయారుకు పట్టుబడలేదు. బుట్ట సగం అయ్యాక దేవకి తన స్నేహితురాలి సంగతి చెప్పింది. ఇంకాస్త అయ్యాక ఊడిపోయిన పన్ను చూపించింది. తాయారుకు ఆ రోజు కాకినాడలో వేరే పని ఉంది. అది గుర్తొచ్చినా లేవలేదు. ఆ పిల్ల పక్కన ఊరికే కూర్చోవడం ఆమెకు హాయిగానే ఉంది.

బుట్ట ఖాళీ అవబోతుండగా దేవకి అడిగింది. "కెమెరా తేలేదా అక్కా?"

"తెచ్చాను. నువ్వు చూస్తావా?"

సంచీలోంచి తీసి ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. నెత్తిమీది ఫ్లాష్‌ను చూపించి, "ఇదే కదా నిన్ను భయపెట్టింది. నొక్కి పడుకోబెట్టెయ్యి" అంది. దేవకి కాసేపు ఆలోచించింది. తరవాత ఒక వేలితో దాన్ని కిందికి నొక్కింది. అది టక్కుమని మూసుకుంది. ఇంకోసారి నొక్కి, మళ్ళీ లేవడం లేదని చూసుకుంది.

"ఇప్పుడు తియ్యక్కా" అంది.

ఇద్దరూ వసారాలోకి వచ్చాక తాయారు ఒకే ఒక్క ఫోటో తీసింది. అందులో దేవకి నవ్వలేదు. చేతిలో ఆఖరి గోరుచిక్కుడు కాయ పట్టుకుని, ఇంకేదో చెప్పబోతున్నట్టు నోరు కొంచెం తెరిచి, సూటిగా చూస్తోంది. ఊడిన పన్ను చోటు కనబడుతోంది.

తాయారు స్టూడియోకు వెళ్ళి వెంటనే అచ్చువేసి, మధ్యాహ్నానికల్లా తిరిగి తెచ్చింది. దేవకి ఎండిపోయిన పాత జిగురును గోటితో గీకి, మళ్ళీ నాలుగు మూలలా జిగురు రాసి, ఫోటో అతికించింది. మొదటి పేజీ నుంచి ఒక్కోటీ తిప్పుతూ వచ్చి ఆఖరి దాని దగ్గర ఆగింది.

"పెరిగానక్కా" అంది.

తాయారు ఆ పిల్లను దగ్గరికి తీసుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి ఈసారి ఏమీ తొందరపడలేదు.

ఆ సాయంత్రం లోవరాజు స్టూడియోకు వచ్చి ఫోటో చూశాడు. వణికే వేలితో కంప్యూటరులో వివరాలు తెరిచి, పై అంకెలు దాటేసి, కిందికి వెళ్ళి చదివాడు. స్తంభం ఫోటో టైము చూశాడు. దేవకి ఫోటో టైము చూశాడు.

"నలభై ఒక్క నిమిషాలు" అన్నాడు. "నాకంటే ఎక్కువే కూర్చున్నావే."

"బుట్ట పెద్దది మావయ్యా" అంది తాయారు.

లోవరాజు నవ్వుతూ ఆమె తల నిమిరాడు. ఆ తరవాత తాయారు పాడైన ఫోటోను ఎప్పుడూ చదవకుండా చెరపలేదు. ప్రతి జూన్‌లోనూ ఆశ్రమానికి పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వచ్చేది. స్టూడియోలో పని నేర్చుకునే అమ్మాయిలు "ఈ ఫోటోకి ఏ అంకెలు పెట్టారండీ?" అని అడిగితే, అంకెలు చెప్పేముందు టైము చూపించేది.

పిల్లలూ, ఒకరి పని చూసి నేర్చుకోవాలంటే, వాళ్ళు వాడిన కొలతలు రాసుకుంటే సరిపోదు. ఆ పని కోసం వాళ్ళు పట్టిన ఓపికను కూడా నేర్చుకోవాలి.