తూర్పురేవు పచ్చగానే ఉంది

గోదావరి లంకల్లో వరద సహాయానికి ఏర్పాటు చేసిన ఆఫీసులో వాసంతి కొత్తగా చేరింది. పడవ ఏ రేవులో ఆగొచ్చో చూపించే మ్యాపు ఆమె చేతిలో ఉండేది. ఆగదగ్గ రేవు పచ్చగా, ఆగకూడనిది ఎర్రగా కనిపించేది. పడవవాళ్ళు ఫోనులో అది చూసుకునే బయల్దేరేవారు. ఆమెకు పని నేర్పుతున్నది రహమతుల్లా మాస్టారు. తక్కువ మాటల మనిషి.

ఆ మధ్యాహ్నం తూర్పురేవు మెట్లు కొట్టుకుపోయాయని కబురొచ్చింది. అక్కడ సుడి తిరుగుతోందట. వాసంతి ఆఘమేఘాల మీద, తూర్పురేవుకు బదులు పడమటిరేవు తెరిచిన కొత్త పటం సిద్ధం చేసి, ఇకమీదట దాన్నే చూపించమని సర్వరు సెట్టింగుల ఫైలులో రాసింది. మ్యాపు తెరిచి చూసింది. తూర్పురేవు పచ్చగానే ఉంది.

ఫైలు మళ్ళీ తెరిచింది. రాసింది రాసినట్టే ఉంది. చెరిపి మళ్ళీ రాసింది. మ్యాపు మారలేదు. పోనీ సర్వరు ఆపి మళ్ళీ పెడదామా అంటే, ఆ కాసేపూ ఏటిమీదున్న పడవలన్నిటికీ ఏ రేవూ కనిపించదు.

"నా ఫైలులో ఏ తప్పూ లేదు మాస్టారూ. ఈ సర్వరుకే ఏదో అయింది" అంది. గొంతులో భయం కన్నా ఉక్రోషమే ఎక్కువ.

మాస్టారు ఫైలు వంక చూడలేదు. "బయట వాన పడుతోందామ్మా?" అని అడిగారు.

"పడుతోందండీ" అంది వాసంతి, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆయన లేచి వెళ్ళి, పొద్దున జల్లు కొడుతోందని మూసేసిన కిటికీ రెక్కలు తెరిచారు. ఎండ వచ్చి ఆమె చేతుల మీద పడింది. వాన ఎప్పుడు వెలిసిందో ఏమో, ఎదురింటివాళ్ళు దండెం మీద బట్టలు కూడా ఆరేసుకున్నారు.

వాసంతి కాసేపు ఆ ఎండనే చూసింది. సర్వరూ తనలాగే. అది ఫైలు చదివింది పొద్దున మొదలైనప్పుడు. అప్పట్నుంచీ ఎవరడిగినా తనకు గుర్తున్నదే చెబుతోంది.

ఆపకుండానే ఫైలు మళ్ళీ చదువుకోమని సర్వరుకు ఆదేశమిచ్చింది. మ్యాపు కదిలింది. తూర్పురేవు ఎర్రబడింది, పడమటిరేవు పచ్చబడింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"అడిగినప్పుడల్లా ఫైలు చదివి చెప్పేలా పెట్టేద్దామా మాస్టారూ?"

"అప్పుడది చదువుతూనే కూచుంటుంది. ఇంతమందికి జవాబెప్పుడు చెబుతుంది?" అన్నారాయన. "మార్చినవాళ్ళు చెప్పాలమ్మా."

వాసంతి నవ్వబోయి ఆగిపోయింది. గబగబా ఫోను అందుకుంది. సత్తిరాజు పడవ ఒక నిండు చూలాలినీ, ఇద్దరు ముసలివాళ్ళనీ ఎక్కించుకుని అప్పటికే లంక నుంచి బయల్దేరింది.

"సత్తిరాజు గారూ, ఏ రేవుకొస్తున్నారు?"

"తూర్పురేవుకేనండి. పొద్దున్నే చూసేనండి మ్యాపు."

"అక్కడ మెట్లు పోయాయండి. పడమటిరేవుకి రండి."

ఫోనులో ఇంజను హోరు ఒక్కసారిగా పెరిగింది.

"ఆయ్, తిప్పేసేనండి" అన్నాడు సత్తిరాజు. "సుడి ఇక్కణ్ణించే కనపడతందండి."

కొంతసేపటికి పడమటిరేవు నుంచి ఫోనొచ్చింది. అందరూ దిగారట. చూలాలు గట్టెక్కగానే వేడిగా టీ అడిగిందట. ఆ ఫోనెత్తిన ఆఫీసు గుమస్తా వచ్చి మాస్టారుకు చెప్పాడు.

ఆ మాట చెబుదామని మాస్టారు వాసంతి వైపు తిరిగారు. ఆమె వినిపించుకునే స్థితిలో లేదు. పొద్దున మ్యాపు చూసి బయల్దేరిన ఇంకో పడవకు ఫోను కలుపుతోంది.