మళ్ళీ మొదలుపెట్టడానికి మంచి రోజు

నేను పదకొండో రోజునే తప్పాను. ఈ మాట నెలల తరబడి నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు.

పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం ముట్టకుండా, ఆకూ కాయా గింజలతోనే ఒళ్ళు తగ్గించుకుందామని మా సుధక్కను ఒప్పించింది నేనే. డిగ్రీ సగంలో ఆపేసినా, తిండి గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను, కనబడిన వీడియోనల్లా చూశాను. అక్కకు షుగరు. "నువ్వు చేస్తే నేనూ చేస్తానే హైమా" అంది. ఇద్దరం ఒకే సోమవారం మొదలుపెట్టాం. తను ఒంగోల్లో, నేను హైదరాబాదు హాస్టల్లో.

పదకొండో రోజు మధ్యాహ్నం హాస్టల్లో గడ్డపెరుగు వడ్డించారు. ఒక్క గరిటె వేయించుకున్నాను. ఆ రోజు ఎలాగూ పోయింది కదా అని సాయంత్రం ఎగ్ పఫ్, రాత్రికి కోడి పలావు. సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెడదాంలే అనుకున్నాను. ఆ సోమవారం బుధవారం దాకా కూడా నిలవలేదు. తర్వాత ఏకాదశి చూశాను, ఒకటో తారీఖు చూశాను. అక్క అడిగితే మాత్రం "నాకేం, బ్రహ్మాండంగా సాగుతోంది" అన్నాను. అయిదు నెలలు అలాగే అన్నాను.

చివరికి అద్దంకి దగ్గర చెంచులక్ష్మమ్మగారి ఆశ్రమంలో చేరాను. ఆశ్రమమంటే నాలుగు రేకుల గదులు, ఒక వంటసాల, చుట్టూ కూరపాదులు, మిరపచేను. ఆవిడకు డెబ్బై దాటాయి. అందరూ పెద్దమ్మగారు అంటారు. ఉపన్యాసాలు ఉండవు. పొద్దున పొలం పని, మధ్యాహ్నం తను తినేదే మనకూ పెట్టడం: జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, కొర్రన్నం. నలభై రోజులు అలా ఉండాలి.

అక్కడా తప్పాను. తొమ్మిదో రోజు సబ్బు కొనాలని ఊళ్ళోకి వెళ్ళి నేతి పెసరట్టు తిన్నాను. వచ్చి, గోడకు అంటించుకున్న నలభై గళ్ళ కాగితం చించేసి కొత్తది గీసుకున్నాను. ఆ తర్వాత ఇంకోటి చించాను.

మూడోసారి తప్పి, ఊళ్ళో హోటల్లో తింటుండగానే అక్క వాయిస్ మెసేజ్ వచ్చింది. నెయ్యి చేత్తోనే విన్నాను.

"ఒసే హైమా, నిన్న పెళ్ళిలో బొబ్బట్లు తినేశానే. ఒకటి కాదు, మూడు. నీకున్న పట్టుదల నాకెక్కడిది? నావల్ల కాదులే, మానేస్తున్నా. నువ్వైనా కానీ."

నాలుగు రోజులు జవాబివ్వలేదు. లేని నా పట్టుదలను చూసి తను మానేస్తోంది. అయినా ఫోను తియ్యలేకపోయాను. ఈసారి నలభై రోజులూ సరిగ్గా చేసి అప్పుడు మాట్లాడదాం, అప్పటికి నేను చెప్పింది అబద్ధం కాకుండా పోతుంది కదా అనుకున్నాను. కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది.

అయిదో రోజు పొద్దున్నే పెద్దమ్మగారి దగ్గరకు వెళ్ళాను. చిక్కుడు తీగకు పుల్ల కడుతోంది.

"పెద్దమ్మగారూ, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. మంచి రోజు చూసి చెప్పండి."

"ఎన్నోసారి?"

"ఇక్కడైతే నాలుగోసారి."

"ఇక్కడ కాకుండా?"

వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మానేశాను.

"పంచాంగం పూజారి దగ్గరుంటదమ్మా. నా దగ్గర మిరపనారుంది, పట్టు" అని తడిగోనెలో చుట్టిన కట్ట నా చేతిలో పెట్టింది.

చేను నాటి రెండు వారాలైంది. సాళ్ళలో అక్కడక్కడా మొక్క చచ్చి ఖాళీలు పడ్డాయి. పోగుంటలంటారు వాటిని. ఆ ఖాళీలు చూస్తే నాకు చిరాకెత్తింది.

"ఇదంతా తవ్వేసి కొత్తగా నాటితే సమంగా వస్తుంది కదండీ. ఇప్పుడు పెట్టేవి ఎలాగూ వెనకబడతాయి. చేనంతా ఎగుడుదిగుడుగా ఉంటుంది."

వెక్కిరిస్తుందనుకున్నాను. గట్టు మీది పార తెచ్చి ఇచ్చింది. "సరే, తవ్వు. ఈ సాలు నుంచి కానీ."

పార దించాను. మొదటి మొక్క గుప్పెడు మట్టితో సహా లేచింది. బెత్తెడు కూడా లేదు. ఊపినా వేరు ఆ మట్టిని వదల్లేదు. రెండోదాని మీదికి పార ఎత్తి ఆగిపోయాను.

"ఏం, ఆగావు? ఇంకా చేనంతా ఉంది."

పార కింద పెట్టాను.

ఆవిడ నేను పెళ్ళగించిన మొక్కను మట్టితోనే తీసుకుని అదే గుంటలో పెట్టింది. మునివేళ్ళతో అదిమి, చెంబుతో నీళ్ళు పోసింది. రెండడుగులు వేసి ఖాళీలో వేలితో గుంట చేసి, నావైపు చూడకుండా చెయ్యి చాచింది. ఒక నారుమొక్క అందించాను. మరో ఖాళీ, మరో మొక్క. బతికున్నవాటిని తొక్కకుండా తప్పించుకుంటూ పోయాం. కాసేపటికి ఆవిడ నీళ్ళు పోస్తుంటే నేనే నాటుతున్నాను.

నాలుగో సాలు చివర ఉండబట్టలేకపోయాను. "ఇవి ఎందుకు చచ్చాయో?"

"ఎండకో, పురుగుకో. ఒకటి రెండు నా చేతి పొరపాటు కూడా అయ్యుంటది."

"మరి ఇవాళ మంచి రోజని ఎలా చూశారు?"

"రాత్రి జల్లు పడింది. నేల తడిగా ఉంది." నడుం పట్టుకుని లేచింది. "రోజు వెతుక్కుంటా కూర్చుంటే ఈ తడీ ఆరిపోద్ది, చేతిలో నారూ వాడిపోద్ది."

ఇంకేం చెబుతుందోనని చూశాను. చెంబు తీసుకుని వంటసాల వైపు నడిచింది.

సాలు చివర నిలబడ్డాను. చేను ఎగుడుదిగుడుగానే ఉంది. ఆవిడను పిలిచాను.

"పెద్దమ్మగారూ, ఇక్కడ ఫోను సిగ్నలు ఎక్కడ దొరుకుతుంది?"

"బావి గట్టు మీద. ఎవరికమ్మా?"

"మా అక్కకి."

"అన్నానికి వేళైంది. తిని మాట్లాడరాదూ?"

"తిన్నాక అయితే చెయ్యనండీ" అన్నాను. "ఇప్పుడే చేస్తాను."